ముప్పయ్యో వంతు: సముద్రం దాటే రూపాయి కథ

మన ఆఫీసుల్లో ఎవరికైనా వీసా స్టాంపింగ్ అయిందని తెలిస్తే చాలు, వరసగా రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. ఒకటి, పచ్చళ్ళు ఎన్ని కిలోలు పట్టుకెళ్ళనిస్తారు? రెండు, ఏ కార్డు తీసుకెళ్ళాలి? మొదటిదానికి అమ్మలు, అత్తగార్లు సమాధానం చెప్పేస్తారు. రెండోదానికి మాత్రం నలుగురు నాలుగు శాతాలు చెబుతారు. ఫోరెక్స్ కార్డు మేలని ఒకడు, క్రెడిట్ కార్డే గీకెయ్యమని ఇంకొకడు, క్యాష్ ఉంటే ధైర్యమని మూడోవాడు. నేను చెప్పబోయేది ఏ కార్డు మంచిదో కాదు (చివర్లో కొంచెం చెబుతాలెండి). అసలు మన డబ్బు దేశం దాటిన ప్రతిసారీ మధ్యలో ఎవరో కొంత కోసుకోవడం, ఇంకెవరో అనుమతి ఇవ్వడం అనేది ఎప్పటినుంచి ఉంది, ఎలా మారుతూ వచ్చిందన్నది ఈ టపా సంగతి.

మాది అనకాపల్లి. ఆ పేరు చెప్పగానే అందరికీ బెల్లం గుర్తొస్తుంది. ఊరికి కూతవేటు దూరంలో శంకరం అనే పల్లె, దాని పక్కన బొజ్జన్నకొండ ఉన్నాయి. కొండని తొలిచి కట్టిన బౌద్ధ గుహలు, రాతి స్తూపాలు చూడ్డానికి కనుమ రోజు జనం బాగానే వస్తారు గానీ, అక్కడ దొరికిన డబ్బు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 1906-08 మధ్య అలెగ్జాండర్ రే అనే పురాతత్వ శాఖ అధికారి అక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. సముద్రగుప్తుడి రాజధాని ఎక్కడ, అనకాపల్లి ఎక్కడ! ఆ నాణెం ఎవరి మూటలో వచ్చిందో తెలిసే వీల్లేదు. కానీ ఒకటి చెప్పొచ్చు. ఆ రోజుల్లో పరాయి రాజు డబ్బు చెల్లడానికి ఆ రాజుతో పనిలేదు. బంగారం బంగారమే. విలువ నాణెంలోనే ఉంది, నాణెం వెనకాల ఎవరూ నిలబడక్కర్లేదు.

నిలబడక్కర్లేదు గానీ, అసలుదో నకిలీదో తేల్చుకోవాలి కదా. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాట్లు కనిపిస్తాయి. లోపల నిజంగా బంగారమేనా అని చూసుకోవడానికి పెట్టారని కొందరు చరిత్రకారులు, ఇకపై ఇది నాణెం కాదు, ఉత్త లోహమేనని చెప్పడానికి పెట్టారని ఇంకొందరు అంటారు. ఏదైనా కానివ్వండి, మన భాషలో చెప్పాలంటే అది ఆథెంటికేషన్. ఇవాళ మెషీన్ చిప్‌ని చదివేది కూడా అందుకే.

ఇక్కణ్ణించి దాదాపు వెయ్యేళ్ళు ముందుకి దూకి మోటుపల్లి వెళదాం. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. 13వ శతాబ్దంలో మాత్రం కాకతీయుల పెద్ద రేవు. తర్వాత కొన్నాళ్ళకి మార్కోపోలో కూడా దాని గురించి రాశాడు. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఒక అభయ శాసనం వేయించాడు. దాని సారాంశం ఇది. తుపానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకుని, అంటే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ, పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల మీద దయతో మేము నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము. ఆ సుంకం ఎంతంటే, ఎగుమతుల మీదైనా దిగుమతుల మీదైనా ముప్పయ్యింట ఒక వంతు.

లెక్క కట్టండి. 3.33 శాతం.

ఇప్పుడు మీ క్రెడిట్ కార్డు షరతుల్లో 'ఫారిన్ కరెన్సీ మార్కప్' అన్న వరస వెతకండి. మామూలు కార్డు అయితే 3.5 శాతం ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. మీరు విదేశంలో లక్ష రూపాయల విలువైన ఖర్చు చేశారనుకోండి, మార్కప్ 3,500, దాని మీద పన్ను 630, వెరసి 4,130 రూపాయలు. గణపతిదేవుడైతే 3,333తో సరిపెట్టేవాడు. దాదాపు ఎనిమిది శతాబ్దాల టెక్నాలజీ తర్వాత మనం రాజుగారి కన్నా 797 రూపాయలు ఎక్కువ కడుతున్నాం!

సరదాకి అన్నాను గానీ, పోలికలో తేడా ఉందని నాకూ తెలుసు. ఒకటి సరుకు మీద సుంకం, ఇంకొకటి మారకం మీద రుసుము. కానీ రెండూ జవాబు చెప్పేది ఒకే అవసరానికి. పరాయి ఊళ్ళో నా డబ్బు చెల్లాలి, నన్నెవరూ దోచుకోకూడదు, దానికి ఎవరో ఒక పెద్దమనిషి పూచీ ఉండాలి. ఆ పూచీకి ధర ఉంటుంది. ఉండొచ్చు కూడా. ఎంత, ఎవరికి, ముందే చెప్పారా లేదా అన్నదే గొడవంతా.

తర్వాతి మజిలీ రంగం. అంటే రంగూన్. మన ఉత్తరాంధ్ర ముసలివాళ్ళు ఆ ఊరిని రంగం అనే అనేవారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల కూలీలు వేలకి వేలు బర్మా వెళ్ళారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అని పిలిచేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కిస్తే, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిందే వేదం. ఇప్పటి ఆన్‌సైట్‌కీ దానికీ పోలిక పెట్టి జోకులు వేసుకుంటాం గానీ, వాళ్ళ కష్టం ముందు మన కష్టం ఏ మూలకి?

అయితే డబ్బు విషయంలో వాళ్ళకి మనకి లేని ఒక సౌకర్యం ఉండేది. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి అక్కడా ఇక్కడా ఒకటే రూపాయి. మారకం లేదు, మార్కప్ లేదు. పోస్టాఫీసులో 1880 నుంచి మనియార్డర్ వచ్చింది. రంగంలో కట్టిన రూపాయి మన పల్లెలో రూపాయిగానే చేతికొచ్చేది, పోస్టాఫీసు కమీషన్ ఒక్కటే పోయేది. చదువురాని కూలీ వేలిముద్ర వేస్తే సముద్రం అవతల ఉన్న తల్లి వేలిముద్ర వేసి తీసుకునేది. ఇంతకన్నా పెద్ద పేమెంట్ నెట్‌వర్క్ ఏం కావాలి చెప్పండి?

ఆ సౌకర్యం వెనకాల ఉన్నది సామ్రాజ్యం. అది కదలగానే డబ్బూ కదిలింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, ఆ తర్వాత బర్మా కూలీలతో వచ్చిన గొడవ మారణకాండగా మారింది. 1937 ఏప్రిల్‌లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. విడిపోయినా బర్మా నోట్లు జారీ చేసింది మన రిజర్వు బ్యాంకే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలమంది భారతీయులు అడవుల మీదుగా, కొండల మీదుగా నడిచి తిరిగొచ్చారు. దారిలో చనిపోయినవాళ్ళ లెక్క సరిగ్గా ఎవరూ కట్టలేదు. అక్కడే ఉండిపోయినవాళ్ళ చేతికి జపాన్ సైన్యం అచ్చేసిన నోట్లు వచ్చాయి. 1945లో జపాన్ ఓడిపోగానే అవి చిత్తుకాగితాలయ్యాయి.

అంతటితో అయిపోలేదు. యుద్ధం తర్వాత మళ్ళీ అక్కడే స్థిరపడినవాళ్ళకి ఇంకో దెబ్బ తగిలింది. 1962లో అధికారంలోకి వచ్చిన నె విన్ ప్రభుత్వం దుకాణాలనీ వ్యాపారాలనీ జాతీయం చేసింది. 1964 మే 17న 50, 100 చాట్‌ల నోట్లు రద్దు చేసింది. ఆ పైన కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చిన తెలుగు కుటుంబాల్లో కొన్ని విశాఖపట్నం కంచరపాలెం దగ్గర చేరాయి. ఆ చోటుని ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. అనకాపల్లి నుంచి లోకల్ బస్సులో వెళ్ళొచ్చు. రోజూ ఆ స్టాపు మీదుగా స్టీల్ ప్లాంటుకో, ఐటీ ఆఫీసుకో వెళ్ళేవాళ్ళలో ఆ పేరెందుకొచ్చిందో ఎంతమందికి తెలుసు? పరాయి దేశంలో సంపాదించిన డబ్బు, దాని వెనకాల నిలబడాల్సిన ప్రభుత్వం చేతులెత్తేస్తే ఏమవుతుందో చెప్పే స్మారకం అది. శిలాఫలకం లేదంతే.

ఇటు స్వతంత్ర భారతంలో సంగతి ఇంకోలా ఉంది. డబ్బు బయటికి పోకుండా తలుపులు బిగించారు. 1947లో విదేశీ మారక నియంత్రణ చట్టం వచ్చింది, 1973లో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేసి ఫెరా తెచ్చారు. 1960లు, 70ల్లో అమెరికా వెళ్ళిన మన డాక్టర్లని, ఇంజినీర్లని కదిపి చూడండి. "జేబులో ఎనిమిది డాలర్లతో దిగాను" అనే మాట వినని తెలుగు సంఘం సభ ఉండదు. అది గొప్పకి చెప్పేది కాదు, నిబంధన. అంతకన్నా ఎక్కువ కావాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి. ఇంట్లో లక్షలున్నా సరే, న్యూయార్క్‌లో దిగినవాడు ఎనిమిది డాలర్ల మనిషే. టాక్సీ ఎక్కితే అయిపోయే డబ్బు. అందుకే ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒక తెలుగాయన కారేసుకుని రావడం, ఆయనింట్లో నెలరోజులు ఉండటం అనే ఆచారం పుట్టింది. తెలుగు సంఘాల పునాది రాళ్ళలో ఫెరా కూడా ఒకటని నా అభిప్రాయం!

కొంచెం ఎక్కువ అనుమతి దొరికినవాళ్ళు ట్రావెలర్స్ చెక్కులు పట్టుకెళ్ళేవారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో మొదలుపెట్టిన పద్ధతి అది. కొన్నప్పుడు ఒక సంతకం, ఖర్చుపెట్టేటప్పుడు దుకాణదారు ఎదురుగా ఇంకో సంతకం. రెండూ కలిస్తేనే చెల్లుతుంది. పోగొట్టుకుంటే నంబర్లు చెప్పి డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. వైటుకే రోజుల్లో వెళ్ళిన సీనియర్లు చాలామంది ఈ చెక్కుల పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటు మొలకి కట్టుకుని వెళ్ళినవాళ్ళే.

ఇక కార్డులు. 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది. 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డుల్ని జనానికి పోస్టులో పంచింది. అదే 1976లో వీసాగా పేరు మార్చుకుంది. మనదేశంలో బ్యాంకు కార్డుల మొదటి అడుగుల్లో ఒకటి తెలుగువాళ్ళది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దానికి ఏడాది ముందు సెంట్రల్ బ్యాంక్ ఇచ్చింది. కంప్యూటర్లు సరిగ్గా లేని రోజుల్లో, పేపర్ మీద కార్బన్ పెట్టి కార్డుని గీకే మెషీన్లతో నడిచిన వ్యవహారం అది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది గానీ, ఆ సంగతి చెరిగిపోకూడదు.

అప్పటి కార్డుల మీద ఒక వాక్యం ఉండేది. ఇండియాలోనూ నేపాల్‌లోనూ మాత్రమే చెల్లుతుందని. రెండువేల దశకంలో కూడా చాలా డెబిట్ కార్డుల మీద ఆ వాక్యం చూసే ఉంటారు. ప్లాస్టిక్ వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోలేదు. తెరిచింది 1991. దేశం దగ్గర డాలర్లు అడుగంటి, దాదాపు 47 టన్నుల బంగారం ఆ జూలైలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి పంపాల్సి వచ్చింది. ఆ అవమానం తర్వాతే సంస్కరణలు, సాఫ్ట్‌వేర్ ఎగుమతులు, వాటితో వచ్చిన డాలర్లు. ఫెరా పోయి, 2000 జూన్ 1 నుంచి ఫెమా అమల్లోకి వచ్చింది. ఫెరాలో మారకం ఉల్లంఘన నేరం, ఫెమాలో జరిమానాతో పోయే తప్పు. 2004 ఫిబ్రవరిలో ఏడాదికి 25,000 డాలర్ల దాకా అడక్కుండా పంపుకోవచ్చన్నారు. 2013లో రూపాయి పడిపోయినప్పుడు మధ్యలో ఒకసారి కుదించినా, 2015లో అది 2,50,000 డాలర్లయింది. ఎనిమిది నుంచి రెండున్నర లక్షలు! ఆ తేడా తెచ్చింది బ్యాంకులు కాదు. బయట పనిచేసి డాలర్లు తెచ్చినవాళ్ళు, గల్ఫ్‌లో తాపీపని చేసినవాళ్ళ దగ్గర్నుంచి మనదాకా.

ప్రభుత్వం కన్ను మాత్రం ఎప్పుడూ మూతపడలేదు. 2023 మే 16న, విదేశాల్లో క్రెడిట్ కార్డు ఖర్చుని కూడా ఆ రెండున్నర లక్షల లెక్కలోకి తెస్తూ నిబంధన మార్చారు. ఆ ఖర్చు మీద 20 శాతం టీసీఎస్ పడుతుందని తెలిసేసరికి గగ్గోలు పుట్టింది. మూడు రోజులకి ఏడు లక్షల దాకా మినహాయింపు అన్నారు. జూన్ 28న మొత్తానికే వాయిదా వేశారు. డెబిట్ కార్డు, ఫోరెక్స్ కార్డు ఆ లెక్కలోనే ఉన్నాయి. ఏడు లక్షల హద్దు 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలైంది. టీసీఎస్ అంటే పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుకోవచ్చు. కానీ అప్పటిదాకా ఇరుక్కుపోతుంది.

సరే, చివర్లో చెబుతానన్న విషయాలు. చరిత్ర అర్థమైతే ఇవి గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఒకటి. విదేశంలో మెషీన్ మీద "రూపాయల్లో కడతారా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానిక కరెన్సీ అనండి. రూపాయల్లో చూపిస్తే మనవాడు పలకరించినట్టు హాయిగా ఉంటుంది గానీ, ఆ మారకం రేటు నిర్ణయించేది దుకాణం వైపు వాళ్ళు. ముప్పయ్యో వంతు కాదు, ఒక్కోసారి పదిహేనో వంతు కూడా పోతుంది.

రెండు. హోటల్, అద్దె కారు లాంటి చోట్ల డిపాజిట్ కింద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డులో బ్లాకయ్యేది బ్యాంకు డబ్బు, డెబిట్ కార్డులో మీ సొంత డబ్బు. దానికి క్రెడిట్ కార్డే మంచిది. ఏటీఎంలో నగదుకి మాత్రం డెబిట్ కార్డో, ఫోరెక్స్ కార్డో వాడండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ.

మూడు. ఇండియాలో ఆన్‌లైన్ కొనుగోళ్ళకి 2009 ఆగస్టు నుంచి రెండో అంచె తనిఖీ తప్పనిసరి చేశారు. ఆ నియమం చాలాకాలం విదేశీ సైట్లకి వర్తించలేదు. అందుకే నంబరు తెలిసిన దొంగ అక్కడ గీకేవాడు. రిజర్వు బ్యాంకు 2020లో, కార్డు ఇచ్చేటప్పుడే విదేశీ వాడకం ఆపేసి ఇవ్వాలని, మనం అడిగితేనే తెరవాలని చెప్పింది. విమానం ఎక్కేముందు యాప్‌లో స్విచ్ వెయ్యండి, దిగగానే తీసెయ్యండి. మన పొరపాటు, బ్యాంకు పొరపాటు లేకుండా మోసం జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవాళ్ళకి నష్టం పడకూడదని 2017 జూలై సర్క్యులర్ చెబుతోంది. ఆలస్యం చేస్తే కొంత మన నెత్తినే.

నాలుగు. రెండు వేరు వేరు నెట్‌వర్క్‌ల కార్డులు, వేరు వేరు సంచుల్లో. కొంచెం నగదు. బర్మా క్యాంపు చెప్పేది ఇదే, అన్ని గుడ్లూ ఒకే ప్రభుత్వం గంపలో, ఒకే బ్యాంకు గంపలో ఉండకూడదు.

ఇంక నా గోల ఒక్కటే. మోటుపల్లిలో రాజు రేటుని రాతి మీద చెక్కించి, రేవులో దిగిన ప్రతివాడికీ కనబడేలా స్తంభం నిలబెట్టాడు. మన కార్డు మార్కప్ మాత్రం షరతుల పత్రంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా స్టేట్‌మెంట్లలో మార్కప్ రూపాయి మొత్తంలోనే కలిపేసి, దాని మీద జీఎస్టీ మాత్రం విడిగా చూపిస్తారు. ఆ జీఎస్టీని 0.18తో భాగించండి, మార్కప్ బయటపడుతుంది. 630ని భాగిస్తే 3,500. కొన్ని బ్యాంకులు రెండు శాతానికే, కొన్ని సున్నాకే కార్డులిస్తున్నాయి కాబట్టి మనకైనా ఎంచుకునే వీలుంది. నెలకింతని ఇంటికి పంపే గల్ఫ్ కార్మికుడికి, పిల్ల చదువుకి ఫీజు కట్టే అనకాపల్లి బెల్లం రైతుకి కూర్చుని భాగించే తీరిక, అలవాటు ఉంటాయా?

యూపీఐ ఇప్పుడు సముద్రం దాటుతోంది. 2023 ఫిబ్రవరిలో సింగపూర్‌తో కలిసింది, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో మొదలైంది. ఆ కోడు రాసేవాళ్ళలో, ఆ యాప్‌ల తెరలు గీసేవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. మారకం రేటు ఎంత, అందులో ఎవరి వాటా ఎంత అన్నది డబ్బు కదలక ముందే తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించడం పెద్ద ఇంజినీరింగ్ సమస్యేమీ కాదు. 1244లో రాయి, ఉలితోనే అయిపోయిన పని అది.